కశ్యపుడు ఎందుకు వెనక్కి తిరిగాడు

మహాభారతం ఆదిపర్వంలో కశ్యపుడనే విషవైద్యుడు ఉన్నాడు. పరీక్షిత్తును ఏడు రోజుల్లో తక్షకుడు కరిచి చంపుతాడని ముని శాపం ఉన్నట్టు విని, ఆ విషం దించి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని హస్తినకు బయల్దేరాడు. దారిలో ముసలి బ్రాహ్మణుడి వేషంలో తక్షకుడే ఎదురొచ్చాడు. నీ విద్య ఏపాటిదో చూద్దామని ఒక మర్రిచెట్టును కాటేసి బూడిద చేశాడు. కశ్యపుడు ఆ బూడిదలోంచే చెట్టును మళ్ళీ చిగురింపజేశాడు. అంటే మందు పనిచేస్తుంది, వైద్యుడు దారిలోనే ఉన్నాడు, గడువు ఇంకా దాటలేదు. రాజు ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇస్తాను, వెనక్కి పొమ్మన్నాడు తక్షకుడు. కశ్యపుడు కాసేపు ధ్యానించి, దివ్యదృష్టితో చూశాడు. రాజుకు ఆయువు తీరిపోయింది. సరేనని డబ్బు పుచ్చుకుని ఇంటిదారి పట్టాడు.

రాజుకు ఆయువు ఎందుకు తీరింది? విషం దించగల ఒకే ఒక్క మనిషి వెనక్కి తిరిగాడు కాబట్టి. ఆ మనిషి ఎందుకు తిరిగాడు? రాజుకు ఆయువు తీరిందని చూశాడు కాబట్టి. ఎక్కడ మొదలుపెట్టినా చుట్టూ తిరిగి అక్కడికే వస్తాం. ఆ చుట్టులో తర్కం ఎక్కడా తెగలేదు, అబద్ధం లేదు. కానీ బయటనుంచి వచ్చి పడిన కారణం కూడా లేదు. సైన్స్ ఫిక్షన్ రచయితలు గత ఎనభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్నది ఈ చుట్టుతోనే.

భవిష్యత్తు ముందే తెలిసిపోయే నవలల గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా 'మనిషికి స్వేచ్ఛ ఉందా, అంతా తలరాతేనా' అన్న దగ్గరికి వెళ్ళి ఆగిపోతుంది. మనవాళ్ళయితే 'బుద్ధిః కర్మానుసారిణీ' అని ఒకరు, కాదు కర్మే బుద్ధిని అనుసరిస్తుందని ఇంకొకరు. ఆ చర్చకు సైన్స్ ఫిక్షన్ అక్కర్లేదు, రచ్చబండ చాలు. ఈ నవలలు కొత్తగా తెచ్చిన ప్రశ్న వేరే ఉంది: రేపటి సంగతి ఇవాళ ఎవరి చెవిన పడింది, పడ్డాక వాడు ఏం చెయ్యగలడు? తెలియడం కూడా జరిగేవాటిలో ఒకటి. దాన్ని లెక్కలో వేసుకున్న నవల నిలబడుతుంది. వేసుకోని నవల ఎంత గొప్పగా రాసినా జాతకాల పుస్తకంలాగే ఉంటుంది.

ముందుగా రెండు మాటలు విడదీసుకోవాలి. నియతి వేరు, నియతి తెలియడం వేరు. బుద్ధుడి కాలంలో మక్ఖలి గోసాలుడు అచ్చమైన నియతివాదం చెప్పాడు. విసిరిన దారపుండ విప్పుకుంటూ ఎంతవరకు పోవాలో అంతవరకు పోయి ఆగినట్టు, మూర్ఖుడైనా పండితుడైనా తన వంతు జన్మలన్నీ తిరిగే ఆగుతాడన్నాడట. దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో ఉంది. ఈ సిద్ధాంతంలో జోస్యుడికి పనిలేదు. ఉండ తన దారిన తాను విప్పుకుంటుంది, అది ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు. చిక్కంతా ఆ దారం చివర ఎక్కడుందో ఉండకే చెప్పినప్పుడు మొదలవుతుంది.

ఆ చిక్కు ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక ఎన్నికలో ఒక అభ్యర్థికి, ఎవరూ ఏ జోస్యమూ చెప్పకపోతే, 62 శాతం ఓట్లు వస్తాయనుకుందాం. సర్వే సంస్థ '60 శాతం వస్తాయి' అని ప్రకటిస్తే, ఎలాగూ గెలుస్తున్నాడు కదా అని కొందరు మద్దతుదారులు ఇంటిదగ్గరే ఉండిపోతారు. ప్రకటించిన అంకె ఎంత పెద్దదైతే అంత బద్ధకం. 50కి పైన ప్రకటించిన ప్రతి ఒక్క శాతానికీ అసలు ఫలితం 60 నుంచి 0.2 శాతం తగ్గుతుందని, జోస్యం అనేది చెప్పడమే 62ను 60కి దించిందని పెట్టుకుందాం. ఇప్పుడు 60 అని ప్రకటిస్తే వచ్చేది 58. పోనీ 58 అంటే 58.4 వస్తుంది. 58.33 అని ప్రకటిస్తే, సరిగ్గా 58.33 వస్తుంది. జోస్యుడు నిజం చెప్పినవాడు కావాలంటే, తాను చెప్పకపోతే జరిగేది చెప్పకూడదు. చెప్పాక జరిగేది చెప్పాలి. 1954లో ఎమిల్ గ్రూన్‌బెర్గ్, ఫ్రాంకో మోడిగ్లియానీ కలిసి, విడిగా హెర్బర్ట్ సైమన్ కూడా, చూపించింది ఇదే: జనం స్పందన ఎక్కడా గెంతకుండా సాఫీగా మారుతున్నంతవరకు, తనను తాను నిజం చేసుకునే అంకె ఒకటైనా తప్పకుండా ఉంటుంది.

కానీ స్పందన గెంతితే? 50కి తక్కువ ప్రకటిస్తే మద్దతుదారులు పౌరుషానికి పోయి 55 తెస్తారు, 50గానీ ఆపైనగానీ ప్రకటిస్తే నిద్రపోయి 45కి దించుతారు అనుకోండి. ఇక ఏ అంకె చెప్పినా తప్పే. జోస్యుడు ఎంత సర్వజ్ఞుడైనా నోరు మూసుకోవడం తప్ప దారిలేదు. ఎగ్జిట్ పోల్స్ ఫలితాలను చివరి విడత పోలింగ్ పూర్తయ్యేదాకా బయటపెట్టకూడదని మన ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ పెట్టినవాళ్ళకు ఈ గణితం తెలిసినా తెలియకపోయినా, భయం మాత్రం ఇదే.

మనిషి ఒక్కడే అయినప్పుడు స్పందన ఎప్పుడూ గెంతే. చంపుతాడు, లేదా చంపడు. 58.33 శాతం చంపడం కుదరదు. ఫిలిప్ కె. డిక్ 1956లో రాసిన 'ద మైనారిటీ రిపోర్ట్' ఈ సంగతిని ఎంత కచ్చితంగా పట్టుకుందో చాలామంది గమనించరు, ఎందుకంటే 2002లో వచ్చిన సినిమా ఆ ముక్కనే తీసేసింది. కథలో ముగ్గురు భవిష్యద్ద్రష్టలు ఉంటారు. వాళ్ళ మాటలను యంత్రాలు కార్డుల మీదికి ఎక్కిస్తాయి. ఇద్దరు ఒకటే చెబితే దాన్ని నిజంగా తీసుకుని, జరగబోయే హత్యకు ముందే మనిషిని పట్టుకుంటారు. ఆ పోలీసు శాఖ అధిపతి ఆండర్టన్ పేరే ఒకరోజు కార్డు మీద వస్తుంది: కాప్లన్ అనే మాజీ సైనికాధికారిని చంపుతాడని. మిగిలిన ఒక ద్రష్ట మాట వేరుగా ఉందని తెలిసి, దాన్ని పట్టుకుని తాను నిర్దోషినని చూపించుకోబోతాడు.

చివర్లో బయటపడేది ఏమిటంటే, మెజారిటీ అన్నదే లేదు. మొదటి నివేదిక ప్రకారం ఆండర్టన్ చంపుతాడు. రెండోది మొదటి నివేదికను అతను చదివాడన్న సంగతిని కలుపుకుని చూసింది: చదివాడు కాబట్టి చంపడు. మూడోది రెండోదాన్ని కూడా చదివాడని కలుపుకుని చూసింది: అతను చంపకపోతే ఆ వ్యవస్థే తప్పని కాప్లన్ లోకానికి చాటుతాడు, తన జీవితకాలపు పని కూలిపోతుంది, కాబట్టి చంపుతాడు. ఒకటీ మూడూ పైకి ఒకే మాట చెప్పాయి గానీ వేర్వేరు లోకాల గురించి, వేర్వేరు కారణాలతో. మన ఎన్నిక లెక్కలో 60, 58, 58.4 అని వేసుకుంటూ పోయిన మెట్లే ఇవి. ఒక్కటే తేడా, ఇక్కడ అంకెలు దగ్గరికి రావు. ఔను, కాదు, ఔను అని ఊగుతాయి. మూడు నివేదికల దగ్గర ఆగారు కాబట్టి 'ఔను' మిగిలింది. నాలుగో ద్రష్ట ఉంటే? డిక్ ఆ ప్రశ్న అడగడు, అడిగితే కథ ముగియదు. కానీ ఇంకో ముఖ్యమైన మాట ఆండర్టన్ చేత అనిపిస్తాడు. ఈ చిక్కు ఆ శాఖ అధిపతికి తప్ప ఎవరికీ రాదు, ఎందుకంటే కార్డులు చూడగలిగేది అతనొక్కడే. మామూలు నేరస్థుడికి తన కార్డు కనిపించదు, కాబట్టి వాడి విషయంలో యంత్రం సరిగ్గానే పనిచేస్తుంది. జోస్యం తప్పడానికి కావలసింది గొప్ప సంకల్పబలం ఏమీ కాదు, ఆ గది తాళంచెవి. తలరాత కూడా పదవిని బట్టి మారుతుందన్న ఆ చిన్న వెక్కిరింపు నాకు సినిమా మొత్తం కన్నా పదునుగా అనిపిస్తుంది.

ఐజాక్ అసిమోవ్ ఇదే సమస్యకు అవతలి కొసనుంచి పరిష్కారం వెతికాడు. 1942 నుంచి కథలుగా వచ్చి 1951లో పుస్తకమైన 'ఫౌండేషన్'లో హారీ సెల్డన్, జనసమూహాల భవిష్యత్తును గణితంతో లెక్కకట్టే తన సైకోహిస్టరీకి రెండు షరతులు పెడతాడు. జనసంఖ్య చాలా పెద్దదై ఉండాలి. జోస్యం ఆ జనానికి తెలియకూడదు. మొదటి షరతు వాయువుల సిద్ధాంతంనుంచి వచ్చింది. ఒక్కో అణువు ఎటు పోతుందో తెలియకపోయినా సిలిండర్‌లో పీడనం ఎంతో చెప్పగలం, ఎందుకంటే వేటి దారిన అవి పోయే N కణాలలో సగటు ఊగిసలాట సుమారు N వర్గమూలంలో ఒక వంతు. వందమందైతే పది శాతం, లక్షమందైతే 0.3 శాతం. రెండున్నర కోట్ల గ్రహాల సామ్రాజ్యంలో, ఒకటి పక్కన 18 సున్నాలంత జనంలో, వంద కోట్లలో ఒక వంతు. ఫౌండేషన్ అనే స్థావరం కోసం సెల్డన్ టెర్మినస్ గ్రహానికి పంపింది లక్షమందిని. ఆ లక్ష వరకే చూస్తే లెక్క నడిచేదే.

అయితే మనుషులు వాయు కణాలు కారు. వర్గమూలం లెక్క పనిచెయ్యాలంటే ఒకడి నిర్ణయం పక్కవాడికి అంటుకోకూడదు. పుకారు, మతం, ఫ్యాషన్, సినిమా హీరో మీద అభిమానం — అన్నీ అంటుకునేవే. కోటిమంది ఒక్కడి మాట వింటే లెక్కకు వాళ్ళు కోటి కాదు, ఒక్కడే. 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్'లో మ్యూల్ చేసేది సరిగ్గా ఇది: మనుషుల భావాలను తన వైపు తిప్పుకుంటాడు. సెల్డన్ తన మాటలు రికార్డు చేసి పెట్టిన కాలకోష్ఠం తెరుచుకుని అతని బొమ్మ ప్రత్యక్షమై, అసలు జరగనే జరగని అంతర్యుద్ధం గురించి గంభీరంగా ఉపన్యాసం ఇస్తుంటే, శత్రువు నెత్తిమీదికి వస్తుండగా జనం నోరెళ్ళబెట్టి వింటారు. జోస్యుడి టేపు తప్పు ఉపన్యాసం మొదలుపెట్టిన ఆ ఘట్టానికి సమానమైనది ఈ సాహిత్యంలో తక్కువ.

రెండో షరతే మన విషయం. అసిమోవ్ జోస్యాన్ని సీలు వేశాడు. తెలిస్తే మారుతుంది, కాబట్టి తెలియనివ్వకు. కానీ సీలు నిలవదు. ఒక పథకం ఉందని, దాన్ని కాపాడే రెండో ఫౌండేషన్ ఎక్కడో ఉందని జనానికి తెలిసిపోతుంది. మనకెందుకు, వాళ్ళు చూసుకుంటారులే అని బద్ధకం పట్టుకుంటుంది. మన ఎన్నిక ఉదాహరణలోని మద్దతుదారులే వీళ్ళు. దాన్ని సరిచెయ్యడానికి రెండో ఫౌండేషన్ తనవాళ్ళను యాభైమందిని బలిపెట్టి, తాను నాశనమైనట్టు నాటకమాడుతుంది. ఇది చదివాక సెల్డన్ పథకాన్ని నియతి అనగలమా? చాటుగా కూర్చున్న కొందరు ఎప్పటికప్పుడు స్పానర్లు పట్టుకుని సరిచేస్తున్న యంత్రం అది. నిజమైన నియతికి మరమ్మతు శాఖ అక్కర్లేదు.

సీలు వెయ్యకుండా, జోస్యాన్ని నేరుగా మనిషి చేతిలో పెడితే? టెడ్ చియాంగ్ 2005లో 'నేచర్' పత్రికకు రాసిన చిట్టి కథ 'వాట్స్ ఎక్స్‌పెక్టెడ్ ఆఫ్ అస్'లో కారు తాళం రిమోట్ అంత బొమ్మ ఉంటుంది. ఒక బటన్, ఒక ఆకుపచ్చ లైటు. బటన్ నొక్కడానికి ఒక సెకను ముందు లైటు వెలుగుతుంది. మోసం చేద్దామని ఎన్ని వేషాలు వేసినా కుదరదు: లైటు వెలిగిందా, నొక్కే తీరతారు. నొక్కకూడదని గట్టిగా అనుకుంటే లైటు వెలగనే వెలగదు. ఆ బొమ్మతో ఆడినవాళ్ళలో మూడో వంతు మంది ఇక ఏ పనీ తమంతట తాము చెయ్యక, తిండి కూడా తినక ఆస్పత్రి పాలవుతారు.

కథ భయంకరంగా బాగుంది. కానీ అందులో అందరూ వేళ్ళతోనే ప్రయత్నిస్తారు. టంకం పెట్టడం వచ్చిన ఏ ఎలక్ట్రానిక్స్ కుర్రాడైనా చేసే పని ఇంకోటి ఉంది. లైటు మీద, వెలుగును పసిగట్టే ఎల్‌డీఆర్ ఒకటి అతికించు. దానికి ట్రాన్సిస్టరు, రిలే అనే స్విచ్చి, బటన్ మీద వేలికి బదులు కరెంటుతో కదిలే చిన్న సోలెనాయిడ్. లైటు కనబడితే సోలెనాయిడ్ పైనే ఉండిపోవాలి. అయిదు సెకన్లు లైటు కనబడకపోతే బటన్ నొక్కాలి. ఇప్పుడేం జరుగుతుంది? లైటు రాకపోతే అయిదో సెకనులో బటన్ పడుతుంది, కాబట్టి నాలుగో సెకనులో లైటు వచ్చి ఉండాలి. వస్తే బటన్ పడదు, కాబట్టి లైటు రాకూడదు. పైన చెప్పిన గెంతే ఎన్నికే ఇది, చవక విడిభాగాలతో. కథలోని లోకం నిలబడాలంటే మిగిలింది ఒకే దారి. ప్రతిసారీ ఏదో ఒకటి చెడాలి: టంకం ఊడాలి, బ్యాటరీ దిగిపోవాలి, పిల్లి వచ్చి బల్ల మీదనుంచి తోసెయ్యాలి. తర్కం గెలుస్తుంది గానీ, దాని ఖర్చు యాదృచ్ఛికాల రూపంలో కట్టాలి.

ఇది వట్టి ఊహ కాదు. కాలయంత్రంగా పనిచేసే వార్మ్‌హోల్‌లోకి, అంటే స్థలకాలాల్లో ఒక అడ్డదారిలోకి, బిలియర్డ్ బంతిని కొడితే, అది గతంలోంచి బయటికొచ్చి తన్ను తానే గుద్దుకుని దారి మళ్ళిస్తే ఎలా అన్న చిక్కు భౌతిక శాస్త్రవేత్త జో పోల్చిన్‌స్కీది. 1991లో ఎచెవెరియా, క్లింక్‌హామర్, కిప్ థోర్న్ లెక్కవేసి చూస్తే పరిష్కారం లేకపోవడం అటుంచి, లెక్కలేనన్ని పరిష్కారాలు దొరికాయి. బయటికొచ్చిన బంతి గట్టిగా కాకుండా కాస్త ఒరుసుకుంటుంది. ఒరుసుకోవడం వల్లే కాస్త పక్కకు జరిగి వార్మ్‌హోల్‌లోకి పోతుంది. పక్కకు జరిగి పోవడం వల్లే బయటికొచ్చి కాస్త ఒరుసుకుంటుంది. కశ్యపుడు తిరిగిన చుట్టే ఇది. తేడా ఏమంటే బంతికి డబ్బు ఎవరూ ఇవ్వలేదు. బంతి దగ్గర ఈ చిక్కు విడిపోవడానికి కారణం కూడా లెక్కలోనే ఉంది: ఢీ తీవ్రతను సాఫీగా తగ్గించుకుంటూ పోవచ్చు. రిలేకు ఆ సౌకర్యం లేదు.

ఇక ఫ్రాంక్ హెర్బర్ట్. 'డ్యూన్' 1965లో పుస్తకంగా వచ్చింది. భవిష్యత్తు తెలిసిన కథానాయకుణ్ణి ఇంత జాగ్రత్తగా కట్టినవాళ్ళు తక్కువ. పాల్ అట్రైడీస్ చూపుకు హెర్బర్ట్ మొదటినుంచీ హద్దులు పెట్టాడు. ఇసుకతిన్నెల మీద నడిచేవాడికి ఎత్తు మీద ఉన్నప్పుడు దూరం కనిపిస్తుంది, పల్లంలోకి దిగితే కనిపించదు. పైగా చూడటానికే శక్తి ఖర్చవుతుంది, ఆ ఖర్చు చూసినదాన్ని మారుస్తుందని హైజెన్‌బర్గ్‌ను గుర్తుచేస్తూ రాశాడు. ఫిజిక్స్ మాట పక్కన పెట్టండి, కథకు ఇది సరైన ఇంజనీరింగ్: జోస్యం ఊరికే రాదు, వచ్చాక ఊరుకోదు. తన పేర విశ్వమంతా నెత్తురు పారబోతోందని పాల్ చాలా ముందే చూస్తాడు. తప్పించాలని చూస్తాడు. ఒక దశ దాటాక తాను చచ్చిపోయినా ఆగదని తెలుసుకుంటాడు.

అసలు పనితనం 1969 నాటి 'డ్యూన్ మెసయ్య'లో ఉంది. పరిమాణంలో మొదటిదానికన్నా చాలా చిన్నది, అభిమానులు సగం మంది పెదవి విరుస్తారు, నా దృష్టిలో ఈ విషయం మీద వచ్చిన నవలలన్నిటిలోకీ మేలైనది. పన్నెండేళ్ళు గడిచాయి. తాను తక్కువలో తక్కువ 6,100 కోట్లమందిని చంపానని, 90 గ్రహాలను నిర్జీవం చేశానని పాల్ స్వయంగా లెక్క చెబుతాడు. స్టోన్ బర్నర్ అనే ఆయుధం పేలి అతని కళ్ళు పోతాయి. ఎడారివాసులైన ఫ్రెమెన్ ఆచారం ప్రకారం గుడ్డివాణ్ణి ఎడారిలో వదిలెయ్యాలి. కానీ పాల్ తడుముకోకుండా నడుస్తాడు, ఎదుటివాడు ఎలా ఉన్నాడో కూడా చెప్పగలడు. ఈ గంటలన్నీ అతను ముందే చూసి ఉన్నాడు కాబట్టి, ఆ జ్ఞాపకంమీద అడుగులో అడుగు వేస్తున్నాడు.

ఇక్కడున్న షరతు గమనించండి. ఆ చూపు పనిచెయ్యాలంటే జరిగేది చూసినదానితో అచ్చుగుద్దినట్టు సరిపోవాలి. అంటే అతను చూసిన మాటే మాట్లాడాలి, చూసిన వేళకే తల తిప్పాలి. ఒక్క మాట కొత్తగా అన్నాడా, లోకం పక్కకు జరుగుతుంది, చీకటి. నియతి ఎవరో మీదపడి రుద్దినది కాదిక్కడ. చూపు కావాలంటే స్క్రిప్టు దాటకూడదన్న ఒప్పందం, అంతే. దాటే స్వేచ్ఛ ప్రతి క్షణం ఉంది, దాని ఖరీదు గుడ్డితనం. తలరాతకు లొంగడం అనే పాత భావానికి ఇంత భౌతికమైన, చేత్తో తడమగలిగే రూపం ఇచ్చిన దృశ్యం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇంట్లో కూడా ఇదే. సహచరి చానీ కాన్పులో పోతుందని పాల్‌కు తెలుసు. రాజకీయం కోసం పెళ్ళాడిన భార్య ఇరులాన్ ఆమెకు రహస్యంగా గర్భనిరోధక మందు పెడుతోందనీ తెలుసు. ఏమీ అనడు. ఆ కుట్ర చానీ ప్రాణాన్ని ఇన్నాళ్ళు నిలిపిందని లోపల్లోపల కృతజ్ఞతే ఉంటుంది. భవిష్యత్తు తెలిసినవాడి దాంపత్యం అంటే ఏమిటో ఒక్క చిక్కుముడిలో పెట్టేశాడు. చివరికి చానీ పోతుంది, పుట్టింది కవలలు. పాల్ చూసింది ఆడపిల్లను మాత్రమే. కొడుకు అతని దర్శనాల్లో ఎక్కడా లేడు. ఆ క్షణంలో చూపు నిజంగా పోతుంది.

హెర్బర్ట్ ఇంకో సంగతి కూడా సరిగ్గా పట్టాడు. ద్రష్టలు ఒకరికన్నా ఎక్కువైతే ఏమవుతుంది? అంతరిక్ష నౌకలు నడిపే గిల్డ్ నావికుడు, తానూ ద్రష్టే అయిన ఎడ్రిక్ పక్కనుంటే చాలు, కుట్రదారులు పాల్‌కు కనిపించరు. మంత్రం ఏమీ లేదు. నా రేపు నీ నిర్ణయాన్ని బట్టి, నీ నిర్ణయం నువ్వు చూసిన నా రేపును బట్టి ఉంటే, ఇద్దరికీ మిగిలేది మసకే. డిక్ కథలో మూడు నివేదికలు ఒకదాన్నొకటి తిన్నట్టే. పైగా ఊళ్ళో ప్రతివాడూ డ్యూన్ టారో పేకముక్కలు వేసి జోస్యం చూసుకోవడంతో కాలం నీళ్ళు బురదయ్యాయని పాల్ వాపోతాడు. అందరూ బ్రహ్మంగారైతే కాలజ్ఞానానికి విలువేముంటుంది?

అయినా హెర్బర్ట్‌తో నాకో పెద్ద పేచీ ఉంది. పాల్ అయినా, తర్వాత మూడున్నర వేల ఏళ్ళు నిరంకుశంగా ఏలిన కొడుకు లీటో అయినా, చెప్పే సమర్థన ఒకటే: మిగతా దారులు ఇంతకన్నా ఘోరం. ఆ ఘోరమైన దారులు పాఠకుడికి చూపించడు. చూపు ఉన్నది పాలకుడొక్కడికే, కాబట్టి అడ్డు అడగడానికి వీల్లేదు. 6,100 కోట్ల శవాల ముందు 'లేకపోతే ఇంకా ఎక్కువ పోయేవి' అన్న మాటను నమ్మడానికి ఆధారం ఆ మాట అన్నవాడే. ఇది రచయిత లోపమా, లేక జోస్యం చెప్పే రాజులను నమ్మొద్దని పన్నిన వలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఒక్కటి మాత్రం 1981 నాటి 'గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్' స్పష్టంగా చెబుతుంది. లీటో తరతరాలుగా మనుషులను జతకట్టించి తయారుచేసుకున్నది ఏ ద్రష్టకూ కనిపించని పిల్లను. పేరు సియోనా. అతని చావు ఆమె పథకంలోనే ఉంది. అన్నీ కనిపించేవాడు కోరుకున్నది తనకు కనిపించని ఒక్క మనిషిని.

చియాంగ్ 1998లో రాసిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' నవలిక దీనికి పూర్తిగా ఎదురుగా నడుస్తుంది. గ్రహాంతరవాసుల లిపి నేర్చుకున్న భాషావేత్త లూయీస్‌కు తన జీవితమంతా ఒకేసారి గుర్తుండటం మొదలవుతుంది. ఇంకా పుట్టని కూతురు, ఆ కూతురి చావు కూడా. ఇందులో ఫిజిక్స్ ఆధారం ఫెర్మా సూత్రం. గాలిలో సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోయే కాంతి నీళ్ళలో రెండు లక్షల పాతిక వేలకు తగ్గుతుంది. గాలిలోని ఒక బిందువు నుంచి నీటిలోని ఇంకో బిందువుకు అది వంగిపోయే దారి, అన్ని దారుల్లోకీ తక్కువ సమయం పట్టేది. ఎక్కడికి పోవాలో ముందే తెలియకపోతే తక్కువ సమయం దారి ఎలా తెలుస్తుందని లూయీస్ ఆశ్చర్యపోతుంది.

నిజానికి కాంతికి ఏమీ తెలియక్కర్లేదు. నీటి అంచున వంగే కోణాన్ని అక్కడికక్కడే చెప్పే స్నెల్ సూత్రం కూడా అదే దారి ఇస్తుంది. ఫైన్‌మన్ 1948లో చూపించిన పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది: అన్ని దారుల తరంగాలూ కలిస్తే మిగతావి ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆ ఒక్క దారి మిగులుతుంది. చియాంగ్‌కు ఇది తెలియక కాదు. రెండు వర్ణనలూ సమానమన్నదే అతని కీలకం. ఒకే జీవితాన్ని మొదటినుంచి చివరికి కారణాల గొలుసుగా చదవచ్చు, లేదా చివర తెలిసి మొత్తంగా చదవచ్చు. రెండోరకంగా చదివేవాళ్ళకు మాట సమాచారం చేరవెయ్యడానికి కాదు, జరిపించడానికి. పురోహితుడు ఏ మంత్రం చదువుతాడో పెళ్ళిలో అందరికీ తెలుసు, అయినా చదవకపోతే పెళ్ళి కాదు. కథలో చిన్నపిల్ల రోజూ అదే ఎలుగుబంట్ల కథ చదవమంటుంది, అమ్మ ఒక్క ముక్క మార్చినా ఒప్పుకోదు. తెలిసిన కథ మళ్ళీ ఎందుకే అంటే, వినాలని ఉంది కాబట్టి అంటుంది.

2016లో వచ్చిన 'అరైవల్' సినిమా రెండు మార్పులు చేసింది, రెండూ విషయాన్ని పాడుచేశాయి. నవలికలో కూతురు పాతికేళ్ళ వయసులో కొండ ఎక్కుతూ పడి చనిపోతుంది. సినిమాలో చిన్న వయసులోనే నయంకాని జబ్బు. జబ్బును తల్లి ఎలాగూ ఆపలేదు. కొండ ఎక్కొద్దని మాత్రం ఒక్క మాట అనొచ్చు. ఆ మాట అనగలిగి ఉండి అనకపోవడమే నవలికలోని ముల్లు, సినిమా దాన్ని పీకేసింది. రెండోది, భవిష్యత్తులో చైనా జనరల్ చూపించిన ఫోన్ నంబరు, చెవిలో చెప్పిన మాట పట్టుకుని లూయీస్ వర్తమానంలో యుద్ధం ఆపుతుంది. ఆ మాట తనకు ఎలా తెలిసింది? తర్వాత అతను చెప్పాడు కాబట్టి. అతను ఎందుకు చెప్పాడు? ఆమె ముందే ఫోన్ చేసింది కాబట్టి. చుట్టు తెగలేదు, ఒప్పుకుంటాను. కానీ భవిష్యత్తును వాడుకోగలిగే మనిషి కూతురి విషయంలో ఎందుకు వాడుకోలేదన్న ప్రశ్న అక్కడే తన్నుకొస్తుంది. నవలికలో లూయీస్ దేన్నీ వాడుకోదు. అంగడిలో చెక్క గిన్నె ఒకటి చూస్తుంది, అదే గిన్నె ఒకనాడు వంటింటి గట్టు మీదనుంచి కూతురి తల మీద పడి గాయం చేస్తుందని గుర్తొస్తుంది. చెయ్యి చాచి అందుకుని కొంటుంది. బలవంతం ఏమీ అనిపించదు ఆమెకు, పడబోయేదాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాచినట్టే ఉంటుంది.

ఒప్పుకోవడం కష్టమే. అది నియతా, లేక రచయిత చెయ్యా? రిలే కట్టే కుర్రాడు ఆ గిన్నెను కొనడు. లూయీస్ కొంటుందని నమ్మించడానికి చియాంగ్ దగ్గర ఉన్నది ఆ భాష నేర్చుకున్నాక ఆమె మనసే మారిందన్న వాదన. తెలిసినా మార్చాలనిపించని మనసుకే ఆ జ్ఞానం అబ్బుతుంది. ఎన్నిక లెక్కలో ఇది, జోస్యం విని అసలు చలించని ఓటరన్నమాట. అలాంటివాళ్ళ మధ్య ఏ జోస్యమూ తప్పదు. పకడ్బందీగానే ఉంది, కాస్త ఎక్కువ పకడ్బందీగా.

కర్ట్ వానెగట్ ఈ తిప్పలేవీ పడలేదు. 1969 నాటి 'స్లాటర్‌హౌస్-ఫైవ్'లో బిల్లీ పిల్గ్రిమ్ కాలంలో ముందుకీ వెనక్కీ జారిపోతుంటాడు. అతన్ని ఎత్తుకుపోయిన ట్రాల్ఫమడోర్ వాసులకు విశ్వం ఎలా అంతమవుతుందో కూడా తెలుసు: వాళ్ళ టెస్ట్ పైలట్ ఒకడు కొత్త ఇంధనం పరీక్షిస్తూ ఒక మీట నొక్కుతాడు. ఆపొచ్చుగా అంటే, వాడు ఎప్పుడూ నొక్కాడు, ఎప్పుడూ నొక్కుతాడు, ఆ క్షణం అలా ఉంది అంటారు. గోసాలుడి దారపుండే. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు జర్మనీలోని డ్రెస్డెన్ నగరం బూడిద కావడం కళ్ళారా చూసినవాడికి ఇది సిద్ధాంతం కన్నా మత్తుమందు అనిపిస్తుంది. వానెగట్ కూడా అలాగే చూపిస్తాడని నా ఉద్దేశం.

కానీ అందులో ఒకచోట, 1968లో, బిల్లీ కంటి డాక్టర్ల సభకు ఒక చార్టర్ విమానం ఎక్కుతాడు. అది కూలిపోతుందని అతనికి తెలుసు. మామగారు కూడా అందులోనే ఉన్నాడు. లేచి ఒక్క మాట అనొచ్చు. అనడు. ఆ మాట అంటే అందరిముందూ పిచ్చివాడిలా కనిపిస్తానని మొహమాటం. ఫెర్మా సూత్రం లేదు, పాల్‌కు చూపునిచ్చిన స్పైసు లేదు, ద్రష్టల కార్డులు లేవు. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు.